గాలి ఎక్కడ దూరుతోందో ముందు చూడండి

(విశాఖపట్నంలో, ఇళ్లలో సముద్రపు అక్వేరియంలు పెంచుకునేవాళ్లు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నల్ని తియ్యకుండా అలాగే ఉంచాం.)

నమస్కారమండీ. బల్ల మీద రెండు సీసాలు పెట్టాను. వెనక వరసలో వాళ్లకి కనిపిస్తున్నాయా? రెండింటిలోనూ సగం దాకా నీళ్లున్నాయి. ఎడం చేతి వైపుది ఉత్త ఆర్ఓ నీళ్లు. కుడి చేతి వైపుది అవే నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపి స్పెసిఫిక్ గ్రావిటీ 1.026కి తెచ్చింది, అంటే లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు. ఇప్పుడు రెండూ ఒకేసారి గట్టిగా ఊపుతాను. ఇదిగో, పెట్టేశాను. మంచినీళ్ల సీసా చూడండి. పెద్ద బుడగలు, గబగబా పైకొచ్చాయి, పగిలాయి, అయిపోయింది. నీళ్లు తేటపడ్డాయి. ఉప్పునీళ్ల సీసా ఇంకా తెల్లగా, మసకగా ఉంది. ముందు వరసలో బాబూ, నీ ఫోన్ టార్చి ఒకసారి పక్కనుంచి వెయ్యి. ఆ, కనిపించాయా? సన్నటి చుక్కలు, వేలకి వేలు, తాపీగా పైకి పాకుతున్నాయి. మన ట్యాంకుల్లో గోలంతా ఈ చుక్కలదే.

మంచినీళ్ల చేపలు ఏళ్ల తరబడి పెంచి ఉప్పునీళ్లకి మారినవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది: "అదే పంపు, అదే పైపు, అదే ట్యాంకు. గోల్డ్ ఫిష్ ఉన్నన్నాళ్లూ లేని బుడగలు ఇప్పుడెందుకండీ?" పంపు తప్పు కాదు, ఉప్పు తప్పు. మంచినీళ్లలో రెండు బుడగలు తగిలితే కలిసిపోయి ఒకటవుతాయి. చిన్నవి పెద్దవవుతాయి, పెద్దవి తొందరగా పైకొచ్చేస్తాయి. ఉప్పునీళ్లలో రెండు బుడగలు తగిలినా వాటి మధ్యనున్న పల్చటి నీటి పొర ఓ పట్టాన తెగదు. అవి ఒరుసుకుని ఎవరి దారిన అవి పోతాయి. 1993లో క్రెయిగ్, నినమ్, పాష్లీ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 'నేచర్' పత్రికలో దీని గురించి రాశారు. ఏ లవణాలు బుడగల్ని కలవనివ్వవో, వేటికి ఆ ప్రభావమే లేదో వరసపెట్టి చూపించారు. మన మామూలు ఉప్పు కలవనివ్వని జట్టులోదే. ఎందుకలా అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ఆర్కే బీచ్‌లో అల విరిగాక నీళ్లు అంతసేపు తెల్లగా ఉండటంలోనూ దీని పాత్ర ఉంది. గోదావరిలో లాంచీ వెనకాల రేగిన నురగ అంతసేపు నిలవదు, గమనించే ఉంటారు.

అలాగని ఉప్పుని తిట్టుకోకండి. ఈ గుణం లేకపోతే మన స్కిమ్మరే, అంటే బుడగలతో నీటిలోని మురికిని పైకి లాగే పరికరమే, పని చెయ్యదు. బుడగలు సన్నగా ఉండాలి, నీళ్లలో కాసేపు నిలవాలి, అప్పుడే వాటికి మురికి అంటుకుని కప్పులోకి వస్తుంది. మంచినీళ్ల ట్యాంకు పక్కన స్కిమ్మర్ సాధారణంగా కనిపించకపోవడానికి కారణం ఇదే. స్కిమ్మర్ లోపల ఉన్నంతసేపు బుడగలు మన పనివాళ్లు. చేపలున్న ట్యాంకులోకి వచ్చాకే తగువు.

ఇంకొక్క లెక్క చెప్పి పైపుల దగ్గరికి వెళ్దాం. బుడగ పైకి లేచే వేగం దాని సైజుని బట్టి ఉంటుంది, అదీ వర్గం చొప్పున. సైజు సగమైతే వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. 1851లో స్టోక్స్ ఇచ్చిన సూత్రం ఇది, మన సన్నటి బుడగలకి బాగానే సరిపోతుంది. ఒక మిల్లీమీటరు బుడగ సెకనుకి పది సెంటీమీటర్ల పైనే లేస్తుంది. దానితో మనకి పేచీ లేదు. మిల్లీమీటరులో పదో వంతు బుడగ సెకనుకి అర సెంటీమీటరు లేస్తుంది. అందులో సగం సైజుదైతే సెకనుకి ఒక మిల్లీమీటరు, ఆపైన కాస్త. సంప్‌లో, అంటే ట్యాంకు నీళ్లు దిగి, గదులు దాటి, పంపుతో మళ్లీ పైకెళ్లే కింది తొట్టిలో, 20 సెంటీమీటర్ల నీళ్లున్నాయనుకోండి. అడుగున ఉన్న పదో వంతు మిల్లీమీటరు బుడగ పైకి రావడానికి 40 సెకన్లు చాలు. అందులో సగం సైజుదానికి దాదాపు రెండున్నర నిమిషాలు కావాలి.

ఇప్పుడు మీ సంప్ సంగతి చూద్దాం. 90 సెంటీమీటర్ల పొడుగు, 40 వెడల్పు, 20 లోతు నీళ్లు. అంటే 72 లీటర్లు. పంపు గంటకి 3000 లీటర్లు తోడుతోంది. లెక్క కట్టండి, 86 సెకన్లకోసారి సంప్ మొత్తం ఖాళీ అయి నిండినట్టు. రెండున్నర నిమిషాలు కావలసిన బుడగకి మీరిచ్చింది ఒకటిన్నర నిమిషం కూడా లేదు. అది పైకి రాలేదు, పంపు నోట్లోకి పోయింది, మీ క్లౌన్ ఫిష్ ముందు తేలింది. అదే పంపుని సగానికి తగ్గిస్తే 173 సెకన్లు దొరుకుతాయి. బుడగకి సరిపోతుంది. కాగితం మీద లెక్కేనండీ ఇది, సంప్‌లో నీళ్లు ఇంత బుద్ధిగా నడవవు, సుళ్లు తిరుగుతాయి, అడ్డదారులు పడతాయి. కానీ దారి చూపించడానికి ఈ లెక్క చాలు.

అంచేత ట్యాంకులో బుడగలు కనిపించినప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోండి. గాలి ఎక్కడ దూరుతోంది? దూరిన గాలికి పైకి పోయే టైం ఎందుకు దొరకట్లేదు? మన వాళ్లు ఈ రెండూ వదిలేసి నేరుగా స్పాంజి ముక్క కొనడానికి వెళ్తారు.

పట్టుకోవడం ఎలాగో చెప్తాను. రాత్రి లైట్లన్నీ ఆపండి, గది కూడా చీకటి చెయ్యండి. టార్చి ట్యాంకు ముందు నుంచి కాదు, పక్క అద్దం నుంచి వెయ్యండి. పగలు కనిపించనివి కూడా కనిపిస్తాయి. సంప్ నీళ్లు తిరిగి ట్యాంకులో పడే రిటర్న్ నాజిల్ నుంచి ధారగా వస్తున్నాయా, ట్యాంకులో నీళ్లని కదిపే వేవ్‌మేకర్ ముందు నుంచి వస్తున్నాయా, రాళ్ల మీదనుంచి ఒక్కొక్కటే లేస్తున్నాయా చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నాజిల్ నుంచి వస్తున్నాయంటే ముందు స్కిమ్మర్ ఒక్కటి ఆపి అరగంట ఆగండి. నీళ్లు తేటపడితే స్కిమ్మరే. తేటపడకపోతే దాన్ని మళ్లీ వేసి సంప్‌లో రిటర్న్ గది, అంటే నీళ్లు పైకి తోడే పంపు ఉన్న చివరి గది, దగ్గర టార్చి పట్టుకుని కూర్చోండి. ఒకసారికి ఒకటే ఆపాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పని చేసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

రిటర్న్ గది గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఎక్కువమంది ఇళ్లలో రోగం అక్కడే ఉంటుంది. నీళ్లు ఆవిరైనప్పుడు ట్యాంకులో మట్టం తగ్గదు, స్కిమ్మర్ గదిలో తగ్గదు. ట్యాంకులో మట్టాన్ని నీళ్లు పొర్లి దిగే ఓవర్‌ఫ్లో పళ్లు, స్కిమ్మర్ గదిలో మట్టాన్ని గదుల మధ్య అడ్డంగా ఉండే బాఫిల్ గ్లాసు పట్టి ఉంచుతాయి. ఇంట్లో తగ్గిన ప్రతి చుక్కా చివరి గదిలోనే తగ్గుతుంది. అక్కడ రెండు ఉపద్రవాలు ఒకేసారి మొదలవుతాయి. మొదటిది, చివరి బాఫిల్ మీదనుంచి నీళ్లు మెల్లగా జారాల్సింది పోయి కిందికి దూకడం మొదలుపెడతాయి. దూకిన చోట కొత్త బుడగలు పుడతాయి, అదీ పంపు నోటికి జానెడు దూరంలో. వాటికిక పైకి పోయే టైం ఎక్కడిది? రెండోది, మట్టం ఇంకా తగ్గితే పంపు నోటి పైన సుడి పడుతుంది. ఆ సుడి గొట్టంలోంచి గాలి నేరుగా పంపులోకి దిగుతుంది, పంపు లోపల తిరిగే రెక్క, ఇంపెల్లర్, దాన్ని ముక్కలు చేసి పైకి పంపుతుంది. పైన నిలబడి చూస్తే నీటి మీద చిన్న గుంట, అంతే కనిపిస్తుంది. పక్కనుంచి టార్చి వేస్తే గుంట కింద సన్నటి తెల్లటి తోక పంపు దాకా వేలాడుతూ కనబడుతుంది.

దీన్ని పోల్చుకోవడం సులువు. నీళ్లు పోసిన రోజు బాగుంటుంది, మర్నాడు సాయంత్రానికి మొదలవుతుంది, మళ్లీ పోస్తే పోతుంది. "మా ఇంట్లో బుడగలు వస్తుంటాయి, పోతుంటాయండీ" అని ఎవరైనా అంటే నేను వేరే ప్రశ్న అడగను, టాప్ ఆఫ్, అంటే ఆవిరైన నీళ్లు మళ్లీ పొయ్యడం, ఎప్పుడు చేస్తారు అని అడుగుతాను. ఎండాకాలంలో ట్యాంకు చల్లబడటానికి పైన ఫ్యాను పెడతాం కదా, ఆవిరి ఇంకా పెరుగుతుంది. వెనక గదులున్న చిన్న ఆల్ ఇన్ వన్ ట్యాంకుల్లో మరీ కష్టం. ఆ పంపు గది 10 సెంటీమీటర్లకి 12 ఉంటుందనుకోండి, ఒక్క లీటరు ఆవిరైతే మట్టం 8 సెంటీమీటర్లు పడిపోతుంది. మట్టం తగ్గగానే దానంతటదే నీళ్లు పోసే, ఫ్లోట్ స్విచ్ ఉన్న ఆటో టాప్ ఆఫ్ ఒకటి పెట్టుకుంటే ఈ గొడవ తొంభై పాళ్లు తీరిపోతుంది. అందులో ఆర్ఓ నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. చివరి బాఫిల్‌కీ రిటర్న్ గది మట్టానికీ మధ్య తేడా రెండు మూడు సెంటీమీటర్లు మించకుండా చూసుకోండి.

సభలోంచి ప్రశ్న: మా సంప్‌లో బబుల్ ట్రాప్ ఉంది సార్, బుడగల్ని ఆపడానికి అడ్డంగా పెట్టిన మూడు గ్లాసు పలకలు. అయినా వస్తున్నాయి.

గ్లాసుల మధ్య సందు ఎంతమ్మా? అంగుళమా. సంప్ వెడల్పు? 40 సెంటీమీటర్లు. పంపు 3000 లీటర్లదే అనుకుందాం. అంగుళం సందులో నీళ్లు సెకనుకి ఎనిమిది సెంటీమీటర్ల పైన పరిగెడతాయి. సన్నటి బుడగ సెకనుకి అర సెంటీమీటరు పైకి లేస్తుంటే, నీళ్లు దాన్ని ఎనిమిది సెంటీమీటర్లు కిందికి లాక్కుపోతున్నాయి. ఎవరు గెలుస్తారు? ట్రాప్ పెద్ద బుడగల్ని ఆపుతుంది, సన్నవాటికి అది రాజమార్గం. సందుని రెండంగుళాలు చేస్తే వేగం సగమవుతుంది, కాస్త మేలు. పంపు తగ్గిస్తే ఇంకా మేలు. కొత్తగా సంప్ చేయించుకునేవాళ్లు మాత్రం మూడు గ్లాసులు ఇరుగ్గా ఇరికించడం కంటే మొదటి గదిని పొడుగ్గా పెట్టించండి. నీళ్లు వెడల్పుగా, తాపీగా నడిచే చోటే బుడగ పైకొస్తుంది.

పంపు తగ్గించండి అంటే అందరూ కంగారు పడతారు. సంప్ గుండా గంటకి ట్యాంకు నీళ్లకి పదింతలు తిరగాలి అని పాత రోజుల్లో చెప్పేవాళ్లు. అప్పుడు వేవ్‌మేకర్లు లేవు, ట్యాంకులో కదలికంతా రిటర్న్ పంపే ఇవ్వాలి. ఇప్పుడు ఆ పని వేవ్‌మేకర్ చూసుకుంటోంది. సంప్ గుండా మూడు నుంచి అయిదింతలు నడిస్తే స్కిమ్మర్‌కీ హీటర్‌కీ చాలు. 300 లీటర్ల ట్యాంకుకి గంటకి 900 నుంచి 1500 లీటర్లు, అదీ పైకెక్కాక నాజిల్ దగ్గర వచ్చే లెక్క, పెట్టె మీద రాసిన అంకె కాదు. పంపు సైజులో మన వాళ్ల మోజు నాకు తెలుసు. బోరు మోటారు కొన్నట్టు కొంటారు. (నవ్వులు)

సరే, ట్యాంకు నీళ్లని సంప్‌లోకి దించే డ్రెయిన్ పైపు. పైనుంచి నీళ్లు గాలితో కలిసి గుడగుడమంటూ దిగుతున్నాయంటే సంప్‌లోకి గాలిని కూడా మనమే పోస్తున్నట్టు. పైన గాలి రంధ్రం ఉండే డర్సో పద్ధతిలో నీళ్లూ గాలీ కలిసే దిగుతాయి. చప్పుడు తగ్గుతుంది కానీ బుడగలు తప్పవు. హెర్బీ పద్ధతిలో, బీన్ యానిమల్ పద్ధతిలో అసలు పైపు నిండా నీళ్లే ఉంటాయి, గాలికి చోటుండదు. కింద గేట్ వాల్వ్ తిప్పి ఎంత నీరు పైకెక్కుతోందో దాదాపు అంతే దిగేలా పెడతారు. చప్పుడూ పోతుంది, బుడగలూ పోతాయి. బాల్ వాల్వ్ పెట్టకండి, వెంట్రుకవాసి తిప్పితే చాలా మారిపోతుంది, కుదరదు. పక్కనే ఖాళీగా ఇంకో ఎమర్జెన్సీ పైపు లేకుండా ఈ పని ఎవరూ చెయ్యకండి. నత్త ఒకటి వెళ్లి వాల్వ్‌లో కూర్చుంటే పైనున్న నీళ్లన్నీ హాల్లో ఉంటాయి, కింది ఫ్లాట్ వాళ్లు తలుపు కొడతారు.

పాత పైపుతోనే నడపాలంటే చివర నీటిలో ఒక అంగుళం మునిగేలా పెట్టండి. పైనుంచి పడితే చిమ్ముతుంది. మరీ లోతుగా ముంచితే లోపలి గాలి బయటికి రాలేక ఆగి ఆగి తేనుస్తుంది. చివర టీ ఒకటి నిలువుగా బిగిస్తే గాలి పై నోట్లోంచి పోతుంది, నీళ్లు కింద నోట్లోంచి పోతాయి. ప్లంబింగ్ షాపులో దొరికే మామూలు పీవీసీ టీయే. ఫిల్టర్ సాక్‌లోకి, అంటే నీళ్లు వడగట్టే సంచిలోకి, వదిలినా బుడగలు బాగానే ఆగుతాయి, 200 మైక్రాన్లది చాలు. కానీ మూడు నాలుగు రోజులకోసారి ఉతకలేనివాళ్లు దాని జోలికి వెళ్లకండి. నిండిపోయిన సాక్ పైనుంచి నీళ్లు పొర్లి దూకుతాయి, మొదటికొస్తుంది. స్పాంజి ముక్కకీ ఇదే మాట. పెట్టిన రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. వారానికి అందులో కుళ్లు చేరుతుంది, నైట్రేట్ పెరుగుతుంది, నీళ్లు దాని పక్కనుంచి దారి చేసుకుంటాయి. కారణం దొరికే దాకా రెండు రోజులు పెట్టుకోండి, సంసారం మొత్తం దాని మీద నడపకండి.

స్కిమ్మర్ కొత్తదైతే కొన్నాళ్లు ఓపిక పట్టండి. ప్లాస్టిక్ మీద తయారీ నాటి జిడ్డు ఉంటుంది, అది పోయే దాకా కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, బుడగలు బయటికి వదులుతూనే ఉంటుంది. వెనిగర్ కలిపిన నీళ్లలో కొన్ని గంటలు నడిపి, కడిగి పెడితే ఆ టైం తగ్గుతుంది. పాత స్కిమ్మర్ ఉన్నట్టుండి బుడగలు వదులుతోందంటే ఈ మధ్య ట్యాంకులో ఏం పోశారో గుర్తుచేసుకోండి. రాళ్లు అంటించే ఎపాక్సీ, ఎర్ర పాచి మందు, క్లోరిన్ పోగొట్టే కండిషనర్, వీటిలో ఏది పడినా స్కిమ్మర్‌కి పూనకమే. కప్పు పొంగుతుంది, అడుగునుంచి పొగలా బుడగలొస్తాయి. ఆపేసి నీళ్లు మార్చండి, తగ్గిపోతుంది. ఇక రోజూ వదిలే స్కిమ్మర్ అయితే సాధారణంగా నీటి లోతు తేడా. కంపెనీ వాళ్లు 18 సెంటీమీటర్లలో పెట్టమంటే మనం 25లో ముంచుతాం. కింద ఏదైనా దిమ్మ పెట్టి పైకి లేపండి. దాని అవుట్‌లెట్ బాఫిల్ వైపు కాకుండా ఎదర గోడ వైపు తిప్పండి. ఈ ఒక్క తిప్పుడుతో చాలా ఇళ్లలో పని అయిపోతుంది.

ఇప్పుడు కరెంటు సంగతి. మనకి కరెంటు పోతుంది కాబట్టి ఇది వివరంగా చెప్పాలి. పంపు ఆగగానే రిటర్న్ పైపు తిరగబడి సైఫన్ అవుతుంది, ట్యాంకు నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. ట్యాంకు 100 సెంటీమీటర్లకి 45, నాజిల్ నీటిలో 5 సెంటీమీటర్లు మునిగి ఉందనుకోండి. 22 లీటర్ల పైన కిందికొస్తాయి. సంప్‌లో ఆ ఖాళీ లేకపోతే గది తడుస్తుంది. దానికి భయపడి మన వాళ్లు రెండు పనులు చేస్తారు. నాజిల్‌ని సరిగ్గా నీటి మట్టానికి లేపుతారు, లేదా పైపుకి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం పెడతారు, మట్టం తగ్గగానే గాలి పీల్చి సైఫన్ తెగేలా. రెండూ మంచి ఆలోచనలే, రెండూ బుడగల పుట్టలే. నాజిల్ మట్టం దగ్గరుంటే దాని జోరుకి పక్కనున్న గాలి కూడా లోపలికి లాగబడుతుంది. రంధ్రం నీటిపైకి తేలితే అక్కడ చిమ్ముతుంది, బుడగలు రేపుతుంది, ఉప్పు నీళ్లు లైటు మీద పడతాయి.

మరి ఏం చెయ్యాలి? రంధ్రం పంపు నడుస్తున్నప్పటి మట్టానికి ఒక సెంటీమీటరు కింద ఉండాలి, నాజిల్ ఇంకా కిందికి చూస్తుండాలి. సంప్‌ని ఎప్పుడూ అంచు దాకా నింపకండి. పైకి చేరిన నీళ్లన్నీ కిందికొచ్చినా పట్టేంత ఖాళీ ఉంచి, స్విచ్ మీరే ఆపి ఒకసారి పరీక్ష చెయ్యండి. మీరు ఇంట్లో ఉన్నప్పుడు చెయ్యండి, ఊరెళ్లినప్పుడు కరెంటు వాళ్లు చెయ్యకముందే. ఆ రంధ్రంలో పాచి, నత్తపిల్లలు చేరతాయి, నెలకోసారి పుల్లతో పొడవండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, లోపల సున్నం, పాచి పట్టిందంటే అది మూసుకోదు. పూసల్లా విడివిడిగా బిగించే లాక్‌లైన్ నాజిళ్లు వాడేవాళ్లు కీళ్లు గట్టిగా నొక్కి చూడండి. నీటిపైన ఉన్న కీలు వదులైతే లోపల నీళ్లు జోరుగా పోతున్నప్పుడు బయటి గాలిని పీలుస్తుంది. నీళ్లు కారవు, గాలి దూరుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

పంపుని సంప్ బయట పెట్టి నడిపేవాళ్లకి ఇదే తంతు పంపు ముందు వైపు జరుగుతుంది. పంపు తర్వాతి పైపులో చిల్లి పడితే నీళ్లు బయటికొస్తాయి. పంపుకి ముందు, నీళ్లు పీల్చే వైపు చిల్లి పడితే గాలి లోపలికెళ్తుంది, నేల పొడిగానే ఉంటుంది. అనుమానమున్న యూనియన్ మీద, జాయింట్ మీద మగ్గుతో ధారగా నీళ్లు పోస్తూ ఉండండి. ఆ కాసేపు ట్యాంకులో బుడగలు ఆగితే దొరికినట్టే. విప్పి ఓ-రింగ్ చూడండి, టెఫ్లాన్ టేపు కొత్తది చుట్టండి. సబ్బు నురగతో మాత్రం వెతక్కండి, ఆ సబ్బు ట్యాంకులోకే పోతుంది.

ఈ పీల్చే వైపు చిల్లి ఒక్కటే నాకు నిజంగా భయం వేసేది. చేపల వరకు మిగతావి కంటికి చిరాకు, అంతే. కారణం చెప్తాను. పంపు లోపల, పైపులో పీడనం ఎక్కువ. మీటరు ఎత్తు నీటికి సుమారు పది శాతం చొప్పున పెరుగుతుంది. ఆ పీడనంలో గాలి నీటిలో మామూలుగా కరగాల్సిన దానికంటే ఎక్కువ కరుగుతుంది. ట్యాంకులోకి వచ్చాక ఆ ఎక్కువ గాలి మళ్లీ బయటికి రావాలి. గోలీ సోడా మూత నొక్కితే ఏమవుతుందో అది చేప ఒంట్లో అవుతుంది. కంటి చుట్టూ, రెక్కల మీద బుడగలు లేస్తాయి. దీన్ని గ్యాస్ బబుల్ జబ్బు అంటారు. అమెరికాలో కొలంబియా నది ఆనకట్టల దగ్గర సాల్మన్ చేపలకి ఇదే వచ్చింది. స్పిల్‌వే మీదనుంచి దూకిన నీళ్లు గాలిని లోతుకి తీసుకుపోయి కరిగించేశాయి. హేచరీల్లో పనిచేసేవాళ్లకి ఈ జబ్బు కొత్త కాదు. మన ట్యాంకులో పైపైన తేలే సన్న బుడగల వల్ల ఇది రాదు. మామూలు బుడగలు చేప మొప్పల్లో దూరి చంపేస్తాయని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోకండి. కానీ పీల్చే వైపు చిల్లి ఉండి, చేప కళ్లు ఉబ్బుతుంటే ఆ పూటే సరిచెయ్యాలి.

మామూలు బుడగల వల్ల జరిగే అసలు నష్టం ట్యాంకు బయట. పైకొచ్చిన ప్రతి బుడగా పగిలి చిన్న ఉప్పు తుంపర వదులుతుంది. నెలలు గడిచేసరికి లైటు ఫిట్టింగ్ మీద, అద్దం అంచు మీద, వైర్ల మీద తెల్లటి పొర కడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు సంప్ అలమారలోనే పెట్టేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఇంటికెళ్లగానే దాన్ని బయట గోడకి, సంప్ కంటే ఎత్తులో బిగించండి. వైర్లు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి తిరిగేలా పెట్టండి, చుక్క ప్లగ్గులోకి పోకుండా కిందే రాలిపోతుంది.

సభలోంచి ప్రశ్న: మా ట్యాంకులో పంపులన్నీ ఆపినా రాళ్ల మీద బుడగలుంటాయి. మధ్యాహ్నానికి ఎక్కువవుతాయి.

అవి పైపుల బుడగలు కావు. పాచి ఎండలో, అంటే మీ లైటులో, ఆక్సిజన్ వదులుతోంది. పొద్దున్న లైటు వేసేటప్పటికి ఉండవు, మధ్యాహ్నానికి ముత్యాల్లా కూర్చుంటాయి, రాత్రికి పోతాయి. పచ్చటి పాచి మీదైతే కంగారు లేదు. గోధుమ రంగు చీమిడిలా తీగలు సాగుతూ, ఆ తీగల కొసన బుడగలు చిక్కుకుని ఉంటే అది డైనోఫ్లాజెలేట్ అనే సూక్ష్మజీవి కావచ్చు, దాని కథ వేరే, ఇంకోసారి చెప్పుకుందాం. నీళ్లు మార్చిన రోజు అద్దం నిండా బుడగలు అంటుకోవడం కూడా చూసే ఉంటారు. చల్లటి నీళ్లలో గాలి ఎక్కువ కరిగి ఉంటుంది, ట్యాంకులో వేడెక్కి వదులుతాయి. కలిపిన ఉప్పునీళ్లని రాత్రంతా చిన్న పంపుతో తిప్పి, ట్యాంకు వేడికి తెచ్చి పోస్తే అదీ ఉండదు.

వేవ్‌మేకర్ గురించి రెండే మాటలు. నీటి మట్టానికి దగ్గరగా పెట్టి గరిష్ఠ వేగంలో నడిపితే అది కూడా సుడి వేసి గాలి పీలుస్తుంది. జానెడు కిందికి దించండి లేదా వేగం తగ్గించండి. పాత పవర్‌హెడ్‌లకి, అంటే ట్యాంకులో ముంచి పెట్టే చిన్న పంపులకి, పైన చిన్న గాలి గొట్టం ఉంటుంది, కొన్నప్పుడు తగిలించి మర్చిపోయి ఉంటారు. దాన్ని మూసెయ్యండి.

సభలోంచి ప్రశ్న: రాత్రిపూట కావాలనే సన్నటి బుడగలు వదిలితే పగడాలకి మంచిదంటున్నారు కదా?

అనేవాళ్లున్నారు. బుడగలు రాళ్ల మీద మురికిని లేపుతాయి, స్కిమ్మర్ దాన్ని లాగేస్తుంది అని వాళ్ల వాదన. స్కిమ్మర్ చేసే పనిని ట్యాంకు నిండా చెయ్యాలనుకోవడం అన్నమాట. నాకు దానిలో లాభం కనబడలేదు, ఉప్పు తుంపర మాత్రం రెట్టింపవుతుంది. స్పాంజ్ జీవులున్నవాళ్లు అసలు చెయ్యకండి, వాటి రంధ్రాల్లో గాలి చిక్కుకుంటే లోపల చచ్చుబడతాయి. పగడాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా. రాతి పగడాలకీ సముద్ర గుర్రాలకీ మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా తెచ్చిస్తామంటే, బుడగల కంటే పెద్ద చిక్కు అది.

ఆఖరి ప్రశ్న వెనక నుంచి, ఆవిడ ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు. చెప్పండమ్మా.

సభలోంచి ప్రశ్న: సంప్ లేదండీ మాకు. చిన్న ట్యాంకు, వెనక తగిలించే స్కిమ్మర్. బుడగలు నేరుగా ట్యాంకులోనే పడుతున్నాయి.

మీకు సంప్ లేదు కాబట్టి బుడగకి టైం ఇచ్చే గది కూడా లేదు, ఆ గదిని మనమే చెయ్యాలి. స్కిమ్మర్ నుంచి నీళ్లు పడే చోట అక్రిలిక్‌తో చిన్న పెట్టె, అడుగు మూసి, పక్కన పైకి చీలికలు పెట్టి తగిలించండి. నీళ్లు పెట్టెలోకి పడి, నెమ్మదించి, పై చీలికల్లోంచి ట్యాంకులోకి జారాలి. పెట్టె ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. అక్రిలిక్ దొరక్కపోతే చీలికలున్న సబ్బు పెట్టె, కొత్తది, సబ్బు తగలనిది, సరిపోతుంది. దానికంటే ముందు ట్యాంకులో మట్టం చూసుకోండి. మీకు ఆవిరి ప్రభావం ట్యాంకులోనే పడుతుంది, మట్టం రెండు సెంటీమీటర్లు తగ్గినా స్కిమ్మర్ నీళ్లు జారడం మానేసి దూకుతాయి. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి, రోజూ పొద్దున్న ఆ గీత దాకా ఆర్ఓ నీళ్లు పొయ్యండి. వారం చూడండి. పెట్టె అవసరమే లేకపోవచ్చు.